ఊరంతా నవ్విన ప్రవచనం

సెమినరీలో చదువుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "అయ్యగారూ, ఇన్నేళ్ళు పాస్టరుగా చేశారు కదా, మాకు పనికొచ్చేది ఏమైనా చెప్పండి" అని పెన్నులు తీస్తారు. ప్రసంగం ఎట్లా కట్టాలి, సంఘాన్ని ఎట్లా పెంచాలి, కమిటీ పెద్దలతో ఎట్లా నెగ్గుకురావాలి అన్నవి చెబుతానని వాళ్ళ ఆశ. నేనేమో కుర్చీ ముందుకు జరుపుకుని ఒక క్రియాపదం గురించి మొదలుపెడతాను. అవును, వ్యాకరణంలో వచ్చే క్రియాపదమే! మా ఆవిడ వంటింట్లో నుంచి "మళ్ళా మొదలుపెట్టినాడు" అని గొణుగుతుంది. గొణగనీ. నా ఉద్యోగమంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఇప్పటికీ చెబుతుంటే కూర్చున్న చోట కూర్చోలేను. నోటితో చెబితే సంబరంలో సగం మింగేస్తున్నానని ఈసారి కాగితం మీద పెడుతున్నాను.

చిత్తూరులో మొదలుపెట్టి, పూతలపట్టులో కొన్నాళ్ళు ఉండి, వడమాలపేటలో రిటైరయ్యాను. పేరుమోసిన చర్చి ఒక్కటీ లేదు. బదిలీల గురించి, బిరుదుల గురించి రాయను. పాస్టరంటే ఆదివారం మాట్లాడేవాడని జనం అనుకుంటారు. మిగతా రోజులన్నీ అతను వినేవాడు. జబ్బుపడ్డవాళ్ళ మంచం పక్కన, సమాధి చేసి తిరిగొచ్చిన ఇంటి అరుగు మీద, మొగుడూపెళ్ళాల పంచాయతీలో కూర్చుని వినడమే అసలు పని. మాట్లాడటం సెమినరీలో నేర్పారు. వినడం మాత్రం మనుషుల దగ్గర, కొన్నిసార్లు తిట్లు తిని నేర్చుకున్నాను.

టీ కొట్టు ముందు

నా మొదటి పై అధికారి దేవసహాయం అయ్యగారు. పొట్టి మనిషి, ముక్కోపి. కొత్తలో నన్ను వెంటబెట్టుకుని ఊళ్ళు తిప్పేవారు. ఒకరోజు పూతలపట్టు కూడలిలో టీ కొట్టు ముందు బస్సు కోసం నిలబడ్డాం. మా తెల్లబట్టలూ, చంకలో సంచులూ చూసి కొట్టతనికి సరదా పుట్టింది.

"ఏం అయ్యగారూ, మీ దేవుడు మళ్ళా వస్తాడంటా ఉండారే, ఎప్పుడొస్తాడంట?" అన్నాడు. బెంచీ మీద ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు.

నాకు చెవులు కాలిపోయాయి. ఘాటైన జవాబొకటి నాలుక చివరిదాకా వచ్చింది. దేవసహాయం అయ్యగారు నా చెయ్యి నొక్కిపట్టి, తాపీగా అన్నారు:

"నేనెక్కాల్సిన చిత్తూరు బస్సే ఎప్పుడొస్తాదో తెలీక ఈడ నిలబడుండానప్పా. ఆయన సంగతి నన్నడిగితే ఎట్లా? ఒక టీ ఇయ్యి, నువ్వూ ఒకటి పోసుకో. ఇద్దరం కలిసే ఎదురుసూస్తాం."

బెంచీ మళ్ళీ నవ్వింది. అయితే ఈసారి ఆయనతో కలిసి నవ్వింది. ఆ తరువాత ఆ కొట్టతను మేం ఎప్పుడు పోయినా బెంచీ తుడిచి కూర్చోబెట్టేవాడు.

బస్సెక్కాక అయ్యగారు నాకు క్లాసు పీకారు. "నవ్వులు రెండు రకాలప్పా. సత్యం చెప్పినందుకు జనం నవ్వితే అది శ్రమ. దాన్ని ఓర్చుకో. మనం చేసిన పిచ్చిపనికి నవ్వితే అది శ్రమ కాదు, న్యాయం. దాన్ని దిద్దుకో. వచ్చిన నవ్వు ఆ రెండిట్లో ఏదో తెలుసుకునేదే నీ ఉద్యోగం."

ఆయనలో నాకు నచ్చనివి చాలా ఉండేవి. నలుగురిలో కసురుతారు, ఆడవాళ్ళు ప్రశ్న అడిగితే విసుక్కుంటారు. కానీ మోసం లేదు. ఒకసారి ఒక తండ్రి కొడుకును తీసుకొచ్చి, "వీడు పది పాసవుతాడా కాదా, దేవుడిని అడిగి చెప్పండి" అన్నాడు. అయ్యగారు పిల్లవాణ్ణి చూసి "సదివినావా?" అన్నారు. వాడు తల దించుకున్నాడు. "దీనికి దేవుడెందుకప్పా, నేనే చెబుతా" అన్నారు. ఆ ఒక్క జవాబుకు ఆయన కసుర్లన్నీ మాఫీ చేశాను.

ముందు వరుసలో ఆచార్యులు గారు

వడమాలపేటకు వచ్చేసరికి నా పై పెద్దలు మారిపోయారు. వాళ్ళకు అద్భుతాల మీద మోజు. "మీ సంఘంలో ఏమైనా జరుగుతా ఉండాదా?" అని ఫోను చేసేవారు. పెళ్ళి జరిగిందంటే వాళ్ళ కంటికి ఆనేది కాదు, కుంటివాడు గంతులేయాలి. వాళ్ళ పోరు పడలేక ఒక వేసవిలో పందిరి వేసి సభలు పెట్టాం. తమిళనాడు నుంచి అరుళప్ప అనే ముసలాయన్ను, ప్రవక్తని పేరున్నవాణ్ణి, పిలిపించారు. ఆయనకు తెలుగు రాదు. నగరి నుంచి గాబ్రియేలు అనే మగ్గం పనివాడు అనువాదానికి వచ్చాడు. నా అరవం సాపాడు దగ్గరే ఆగిపోతుంది. ఊళ్ళో గోడల మీద "ప్రవచన మహాసభలు" అని పెద్ద అక్షరాలతో పోస్టర్లు అంటించాం.

మొదటి సాయంత్రం, నుదుట నామం, భుజాన ఉత్తరీయంతో వరదాచార్యులు గారు పందిట్లోకి నడిచొచ్చి ముందు వరుసలో కూర్చున్నారు! ఆయన మా హైస్కూలు తెలుగు పండితులు. తిరుపతి నుంచి రోజూ బస్సులో వచ్చిపోతారు. తాతల కాలం నుంచి గుడి కైంకర్యం ఉన్న ఇల్లు. ఎవరైనా ఆటపట్టించడానికి పంపారా అనుకుంటూ దగ్గరికి పోయాను.

"ప్రవచనం ఉందని గోడ మీద చదివినాను. ఎవరు చెబుతున్నారు? ఏ ఘట్టం?" అని అడిగారు ఆయన, ఎంతో ఇష్టంగా.

అప్పుడు వెలిగింది నాకు. తిరుపతిలో ప్రవచనమంటే పండితుడు పీఠం మీద కూర్చుని పురాణం విప్పి చెప్పడం. మా దగ్గర ప్రవచనమంటే దేవుడు పలికించే మాట. మాట ఒకటే, వీధులు వేరు! తడబడుతూ సంగతి చెప్పాను. లేచి వెళ్ళిపోతారనుకున్నాను. ఆయన ఉత్తరీయం సర్దుకుని ఇంకా బాగా కూర్చున్నారు.

"వచ్చినాను కదా, మీ పద్ధతి కూడా వింటాను. అయినా పాస్టరు గారూ, ప్రవచనమంటే రేపటి సంగతి చెప్పడం కాదు. ఉన్నదాన్ని విప్పి చెప్పడం" అన్నారు.

ఆయన్ను కౌగిలించుకోవాలనిపించింది! నేను ఏళ్ళ తరబడి నెత్తీనోరూ కొట్టుకుని చెబుతున్నది అదే కదా. మా ప్రవక్తలూ రేపటి సంగతి చెప్పింది తక్కువ, ఈరోజు సంగతి చెప్పింది ఎక్కువ. పేదవాణ్ణి తొక్కుతున్నారని చెప్పారు, తప్పుడు తూకం వేస్తున్నారని చెప్పారు. అందుకే దెబ్బలు తిన్నారు, బురదగోతుల్లో దింపబడ్డారు. జరగబోయేది చెప్పేవాడికి జనం శాలువా కప్పుతారు. జరుగుతున్నది చెప్పేవాణ్ణే గోతిలో దింపుతారు. పాస్టర్లు కాబోయే పిల్లలూ, ఈ తేడా గట్టిగా పట్టుకోండి.

నడుస్తాది

ఆ సాయంత్రమే జరిగింది అసలు సంగతి.

సారమ్మ మా సంఘం మనిషి. మామిడి తోటల్లో కూలికి పోతుంది. భర్త బెంగుళూరులో సెంట్రింగు పని చేస్తూ పండగలకు వస్తాడు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ఎస్తేరుకు పుట్టుకతో కాళ్ళలో సత్తువ లేదు. తిరుపతి డాక్టర్లు చూసి నడవడం కష్టమన్నారు. సారమ్మ ఆ పిల్లను చంకనెత్తుకునే ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివించింది. హైస్కూలు పెద్దరోడ్డు మీద, చాలా దూరం. పిల్ల కూడా బరువైంది. ఇక బడికి ఎట్లా పోవాలన్నదే ఆ ఇంట్లో పెద్ద బెంగ.

ప్రార్థన వేళ సారమ్మ పిల్లను ఎత్తుకుని వేదిక ముందుకు వచ్చింది. అరుళప్ప అయ్య వంగి ఎస్తేరు తల మీద చెయ్యి పెట్టి అరవంలో ఏదో అన్నాడు. ఒకపక్క జనం కేకలు, ఇంకోపక్క మైకు కీచుమంటోంది. గాబ్రియేలు పిల్ల కాళ్ళ వైపు చూశాడు. గొంతు చించుకుని అరిచాడు.

"నడుస్తాది! బిడ్డ నడుస్తాది!"

పందిరి దద్దరిల్లింది. సారమ్మ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఎవరో తీసిన వీడియో ఆ వారంలో చుట్టుపక్కల ఊళ్ళన్నిటి ఫోన్లలో తిరిగింది.

వేసవి పోయింది, వానలు వచ్చాయి. ఎస్తేరు నడవలేదు.

నవ్వులు మెల్లగా మొదలయ్యాయి. కుళాయి దగ్గర "ఏం సారమ్మా, ఇంకా నడవలేదా?" అనేవాళ్ళు. మగపిల్లలు ఎస్తేరుకు ఆ మాటనే పేరుగా పెట్టేశారు. తల్లి ఎత్తుకుని పోతుంటే "రేయ్, నడుస్తాది పోతా ఉండాదిరా!" అని వెనక నుంచి కేకలు. పిల్ల తల్లి భుజంలో మొహం దాచుకునేది. మా సంఘంలోనే ఒకరిద్దరు "తల్లికి విశ్వాసం చాలలేదేమో" అన్నారు. ఊరి నవ్వు కంటే ఇది పాడు మాట. నాకు ఒళ్ళు మండి ఆదివారం పేరుపెట్టకుండా ఉతికి ఆరేశాను. బాధలో ఉన్న మనిషి విశ్వాసాన్ని తూకం వేయకండి. ఆ తక్కెడ మన చేతికి ఎవరూ ఇవ్వలేదు.

అదే రోజుల్లో ప్రభుత్వం వాళ్ళు ఎస్తేరుకు మూడు చక్రాల బండి ఇచ్చారు, చేతులతో తిప్పుకుంటూ పోయే రకం. సారమ్మ దాన్ని గొడ్లపాకలో పెట్టి గోనెపట్టా కప్పేసింది. హైస్కూలు తెరిచారు. ఎస్తేరు చేరలేదు. నేను వాళ్ళింటికి పోయాను.

"బండి ఉండాది గదమ్మా, బిడ్డను బడికి పంపు" అన్నాను.

"పంపను అయ్యగారూ. నడుస్తాదని దేవుడు చెప్పినాంక బండెక్కిస్తే, దేవుడు అబద్ధమాడినట్టు నేనే ఒప్పుకున్నట్టు గదా. ఈ ఊరు దానికే కాసుకోని ఉండాది."

"నవ్వేవాళ్ళు నవ్వనీలే."

"నవ్వులు ఓర్సుకోమని సెప్పింది మీరే గదా? ఓర్సుకుంటా ఉండా. ప్రభువును సిలువ మీద పెట్టి నవ్వలేదా? ఆయన దిగి వచ్చినాడా? నేనూ దిగను."

నా ప్రసంగం నాకే వడ్డించింది! ఆ మనిషి ఓర్పులో కల్తీ లేదు. అంత నిబ్బరం నేను పెద్ద పెద్ద బోధకుల్లో చూడలేదు. కానీ ఆ ఓర్పుకు చదువు పోగొట్టుకుంటున్నది ఎవరు? గడపలో కూర్చుని, పాత వాచకాన్ని మళ్ళీ మొదటి నుంచి చదువుకుంటున్న ఎస్తేరు. ఇంటికొచ్చినా దేవసహాయం అయ్యగారి ప్రశ్న బుర్ర తొలిచేస్తోంది. ఇది సత్యం కోసం పడుతున్న నవ్వా, పిచ్చిపనికి వచ్చిన నవ్వా? దేవుడి మాటే అయితే నేను కాదనేదెట్లా? కాకపోతే కాదని చెప్పేదెట్లా?

ఆయన అట్లా అనలేదే

ఒక సాయంత్రం వరదాచార్యులు గారు బడి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చారు. బయట ఎక్కడా ఏమీ పుచ్చుకోరు, వెంట నీళ్ళసీసా తెచ్చుకుంటారు. నేనొక్కణ్ణే కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.

"పాస్టరు గారూ, ఎస్తేరని మీ పిల్ల ఒకతి ఉందంట. పద్యం ఒకసారి వింటే పట్టేస్తుందని వాళ్ళ పాత టీచరమ్మ చెప్పింది. అట్లాంటి పిల్ల నా తరగతిలో ఉండాల కదా. ఎందుకు చేరలేదు?" అన్నారు.

"వాళ్ళమ్మ బండెక్కించనంటోంది సార్. ప్రవచనం అబద్ధమవుతుందని భయం."

"ఏ ప్రవచనం?"

"మీరు ముందు వరుసలోనే ఉన్నారు కదండీ ఆ రోజు! పిల్ల నడుస్తుందని అరుళప్ప అయ్య చెప్పలేదా?"

ఆయన కళ్ళద్దాలు తీసి నన్ను చూశారు. "ఆయన అట్లా అనలేదే!"

"అనలేదా?"

"'అవరుడైయ సిత్తం నడక్కుం, బయప్పడాదే అమ్మా.' ఇదీ ఆయన అన్నది. మా ఇంట్లో మాట్లాడేది అరవమే, ఇంకా చెవిలో ఉంది. దేవుడి చిత్తం జరుగుతుంది, భయపడకమ్మా అని దాని అర్థం. నడక్కుం అంటే అరవంలో నడుస్తుంది అనీ వస్తుంది, జరుగుతుంది అనీ వస్తుంది. చిత్తానికి కాళ్ళెక్కడివి పాస్టరు గారూ? ఇక్కడ జరుగుతుందనే."

కాఫీ నా పంచె మీద ఒలికింది. కాలినట్టు కూడా తెలియలేదు. లేచి నిలబడ్డాను. "మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదండీ!" అని దాదాపు అరిచాను.

ఆయన కొంచెం సిగ్గుపడ్డారు. "మా ప్రవచనాల్లో మూలం ఒక వాక్యముంటే వ్యాఖ్యానం పది వాక్యాలుంటుంది. ఆ నగరి అబ్బాయి వ్యాఖ్యానం చేస్తున్నాడు కాబోలు, మీ సంప్రదాయంలో అంతే కాబోలు అనుకున్నాను."

వ్యాఖ్యానమట! నేను నవ్వాను, కళ్ళనీళ్ళు తిరిగాయి, మళ్ళీ నవ్వాను. మా ఆవిడ కంగారుపడి బయటికి వచ్చింది. పోస్టరు మీది మాటను అపార్థం చేసుకుని మా పందిట్లోకి వచ్చిన మనిషి, పందిట్లో అందరం అపార్థం చేసుకున్న మాటను దిద్దుతున్నాడు! ఇది కాకతాళీయమని మీరనుకోండి, నేననుకోను.

గాబ్రియేలుకు ఫోను చేశాను. కోప్పడదామనే అనుకున్నాను. అతను అంతా విని సన్నగా అన్నాడు: "అరుపుల్లో నాకు ముందు మాట ఇనపడలే అయ్యగారూ. నడక్కుం అనేదే ఇనపడింది. ఆ బిడ్డ కాళ్ళు సూసినా. నడిస్తే బాగుండునని నాకే అనిపించింది. అదే నోట్లో వచ్చేసింది."

అతన్ని ఏమంటాను? అబద్ధమాడాలని ఆడలేదు. తన ఆశను దేవుడి నోట్లో పెట్టాడు. మన వృత్తిలో అతిపెద్ద ప్రమాదం ఇదే, దొంగ ప్రవక్తల కంటే ఇదే పెద్దది. దొంగను ఎవరైనా పట్టుకుంటారు. జాలితో పలికిన అబద్ధాన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే వినేవాళ్ళందరికీ అది నిజం కావాలనే ఉంటుంది.

గాబ్రియేలు ద్వారానే అరుళప్ప అయ్యకు కబురు చేరింది. తన మాట పేరుతో ఒక ఇల్లు ఇంత బాధ పడుతోందని ఆయనకు తెలియనే తెలియదు. "వరేన్" అన్నాడట. వస్తున్నానని.

తెరియాదు

ముసలాయన చేతిసంచితో, గాబ్రియేలును వెంటబెట్టుకుని బస్సు దిగాడు. మా పై పెద్దలకు చెబితే "ఎందుకు ఇప్పుడు గెలకడం, మరిచిపోతారులే" అన్నారు. నేను వినలేదు. ఈసారి అనువదించనని గాబ్రియేలు చేతులు జోడించాడు. "ఇంకోసారి నా నోటితో వద్దు సామీ" అన్నాడు. మిగిలింది ఎవరు? వరదాచార్యులు గారు! నామం పెట్టుకున్న పండితుడు సిలువ గుర్తున్న సారమ్మ ఇంటి గడప దాటి, ప్రవక్తకు అనువాదకుడిగా కూర్చుంటే వీధి వీధంతా తొంగిచూసింది.

అరుళప్ప అయ్య కుర్చీ వద్దని సారమ్మ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఆ రోజు అన్న మాట మళ్ళీ అన్నాడు, నెమ్మదిగా. ఆచార్యులు గారు గొంతు సవరించుకున్నారు.

"ఆయన చిత్తం జరుగుతుంది, భయపడకమ్మా. చిత్తమంటే ఇక్కడ సంకల్పం. ఈ సంకల్పమనేది రెండు విధాలు..."

ముసలాయన చెయ్యెత్తాడు. "వ్యాక్కియానం వేండాం సామీ."

గుమ్మం దగ్గరివాళ్ళు నవ్వారు. ఆచార్యులు గారూ నవ్వి ఆపేశారు. సారమ్మ నవ్వలేదు. జరిగిన పొరపాటు అంతా విన్నది. విని, ముసలాయన కళ్ళలోకి చూసి ఒక్కటే అడిగింది.

"అంటే నా బిడ్డ నడవదా?"

ఆచార్యులు గారు అరవంలో చెప్పారు. అరుళప్ప అయ్య ఎస్తేరును చూశాడు.

"తెరియాదు" అన్నాడు.

ఆ మాటను ఎవరూ అనువదించలేదు. అవసరం లేకపోయింది. ప్రవక్త నోట "తెలియదు"! ప్రభువును పట్టుకున్న రాత్రి సైనికులు ఆయన కళ్ళకు గంతలు కట్టి, కొట్టి, ఎవరు కొట్టారో ప్రవచించు చూద్దామని ఎగతాళి చేశారు. ప్రవచనాన్ని సోదిగా మార్చింది వాళ్ళే. ఆయన ఒక్క పేరూ చెప్పలేదు. నవ్వుల్ని ఆపడానికి ప్రవచనాన్ని వాడుకోలేదు. అది నేను వందసార్లు బోధించి ఉంటాను. అర్థమైంది మాత్రం సారమ్మ ఇంట్లో, ఆ ముసలాయన ఎదుట.

సారమ్మకు అవేమీ పట్టలేదు. ఆమె భగ్గుమంది.

"మరి ఇన్నాళ్ళూ నేను నవ్వులు పడింది ఎవురి కోసరం? ఊరంతా నన్ను సూసి నవ్వితే, పోనీలే దేవుడి కోసరమే గదా అనుకుంటి!"

ముసలాయన కళ్ళలో నీళ్ళు. అప్పుడు ఎస్తేరు మాట్లాడింది.

"అమ్మా, వాళ్ళు నవ్వింది నిన్ను కాదు. నన్ను."

సారమ్మ ఉలిక్కిపడి కూతురి వైపు తిరిగింది.

"నేనూ ఓర్సుకున్నా. నువ్వు ఏడుస్తావని సెప్పలే. బండెక్కకపోతే నవ్వుతా ఉండారు. ఎక్కినా నవ్వుతారు. ఎట్లయినా నవ్వేదే గదా, ఎక్కే నవ్వించుకుందాం. దేవుడి సిత్తం జరగతాదంటే జరగనీ. నాకు మాత్రం బడికి పోవాలని ఉండాది."

సారమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, లేచి, గొడ్లపాకలోకి పోయింది. మేమంతా వెనకే పోయాం. గోనెపట్టా ఆమే లాగేసింది. అరుళప్ప అయ్య ముందుకొచ్చి బండి చక్రాన్ని చేత్తో గిర్రున తిప్పాడు. మొహం వెలిగిపోయింది.

"ఓడుం! నల్లా ఓడుం!" అన్నాడు.

సారమ్మ మొహం మాడిపోయింది. ఎస్తేరు "అయ్యో, ఓడిపోతాదంటాడే తాత!" అంది.

ఆచార్యులు గారు పగలబడి నవ్వారు. "ఓడుం అంటే అరవంలో పరిగెత్తుతుందని తల్లీ! నీ బండి బాగా పరిగెత్తుతుందంట. మనకు ఓటమి, వాళ్ళకు పరుగు!"

ముందు ఎస్తేరు నవ్వింది. తరువాత గాబ్రియేలు, నేను. చివరికి సారమ్మ! గుంజకు ఆనుకుని, కళ్ళవెంట నీళ్ళు కారేటట్టు నవ్వింది. ఆచార్యులు గారికి నవ్వీ నవ్వీ పొలమారింది. సారమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. ఆయన తాగారు.

నాకు ఆ రోజంతా కాళ్ళు నేల మీద నిలవలేదు. సిలువ కింద నిలబడి చూసినవాళ్ళందరూ ప్రభువు ఓడాడనే అనుకున్నారు. వాళ్ళకు తెలిసిన భాష అదొక్కటే మరి.

చివరిగా

ఎస్తేరు ఈరోజుకీ నడవలేదు. ఇది దాచకండి, ఎవరి దగ్గరా దాచకండి. తిరుపతిలో డిగ్రీ చదువుతోంది. ఆచార్యులు గారి దగ్గర అరవం చదవడం, రాయడం కూడా నేర్చుకుంది. సారమ్మ ఇప్పటికీ కూతురు నడవాలని ప్రార్థన చేస్తుంది. చేసుకోనీ. ఆ ప్రార్థనకూ పిల్ల చదువుకూ ఇప్పుడు గొడవ లేదు.

పిల్లలూ, మీ దగ్గరికీ జనం వచ్చి రేపేం జరుగుతుందో చెప్పమంటారు. తెలియదని చెప్పండి. చెప్పి లేచి పోకండి, వాళ్ళ పక్కనే కూర్చోండి. నన్ను రిటైరయ్యేదాకా నిలబెట్టింది ఇదొక్కటే. నవ్వులు ఆగిపోయాయా అంటారా? అదీ చెబుతాను.

ఎస్తేరు హైస్కూలుకు పోయిన మొదటి రోజు నేనూ వెంట బయల్దేరాను. ముందురోజు గాబ్రియేలు నగరి నుంచి పెయింటు డబ్బా, బ్రష్షు తెచ్చి, లారీల వెనక రాసినట్టు బండి వెనక రేకు మీద ఒక మాట రాశాడు. ఏం రాయాలో ఎస్తేరు చెప్పింది. ఈసారి చెప్పింది చెప్పినట్టే, ఒక్క అక్షరం కలపకుండా రాశాడు.

రోడ్డు మలుపులో టీ కొట్టు దగ్గర రోజూ ఉండే కుర్రగుంపు ఉంది. బండిని చూడగానే లేచారు.

"రేయ్, నడుస్తాది బండెక్కిందిరా!"

ఎస్తేరు తల తిప్పలేదు. చేతులతో పెడళ్ళు తిప్పుతూనే ఉంది. బండి వాళ్ళను దాటగానే ఒకడు వెనక రేకును కూడబలుక్కుని చదివాడు.

"ఏందో రాసుండాదిరా... ఓ... డుం. ఓడుం అంట! ఏమే, ఓడిపోతావా?"

గుంపంతా విరగబడి నవ్వింది. అప్పటికే దూరం పోయిన బండి మీద నుంచి, వెనక్కి చూడకుండానే, ఎస్తేరు గట్టిగా కేకేసింది.

"అరవం నేర్సుకో అన్నా, తెలుస్తాది!"

దాని అర్థమేమిటని వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకునేలోపు బండి బడి వాలు దిగేసింది. నేను పంచె ఎగ్గట్టి వెనకాల పరిగెత్తాను. అందుకోలేకపోయాను.